వినకుండా రాసిన బీపీ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లలవే. క్లినికల్ పోస్టింగ్‌లు, అంటే ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ, మొదలైనట్టున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో, అందులో సగం కాలం విద్యార్థుల పక్కన నిలబడి పనిచేసినదాన్ని కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాళ్లకే ఇస్తున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. పోస్టింగ్ మొదలై పది రోజులైంది. మూడో రోజు మెడికల్ వార్డులో ఆరుగురి బీపీ చూడమన్నారు. ల్యాబ్‌లో మా ఫ్రెండ్ చేతికి చూసినప్పుడు బాగానే వినపడింది. ఇక్కడ నాలుగో బెడ్ తాతగారి చేతికి కఫ్ (గాలి ఎక్కించే బీపీ పట్టీ) కట్టి మూడుసార్లు పంప్ చేశాను, ఏమీ వినపడలేదు. ఆయన చెయ్యి నొప్పి అంటున్నారు. కొడుకూ కోడలూ పక్కనే నిలబడి నన్నే చూస్తున్నారు. టెన్షన్‌లో 120/80 అని రాసేశాను. ఎవరూ ఏమీ అడగలేదు. కానీ అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నేను ఈ వృత్తికి పనికొస్తానా?

జవాబు: అమ్మాయీ, ముందు చేయాల్సిన పని చెబుతాను. రేపు వార్డుకి వెళ్లగానే మీ ట్యూటర్‌ను పక్కకు పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పు. "మూడో రోజు నాలుగో బెడ్ బీపీ నాకు వినపడలేదు మేడమ్, వినకుండానే రాశాను" అను. సాకులేవీ కలపకు. తిడితే తిట్టనీ. ఆ తాతగారు ఇంకా అక్కడే ఉంటే, ఆ రోజు అంకెను నమ్మవద్దని ఆయన్ని చూసే వాళ్లందరికీ తెలియాలి. కేస్ షీట్‌లో తప్పు దిద్దడానికి పద్ధతి ఉంది. పాత అంకె కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన తేదీ, సమయం, సంతకం పెట్టాలి. అదైనా ట్యూటర్ ఎదుటే చెయ్యి, నీ అంతట నువ్వు ఏదీ మార్చకు.

120/80 చూసేవాళ్లకు ఏ అనుమానమూ రాదు. నన్ను భయపెట్టేది అదే. ఆయనకు నిజంగా 180/110 ఉంటే, ఆ పూట అందాల్సిన వైద్యం అందకుండా పోతుంది. 90/60 ఉంటే, ఆపాల్సిన బీపీ మాత్ర యథాప్రకారం వేసేస్తారు.

ఇదంతా నీకు చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. నేను మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు సర్జికల్ వార్డులో టీపీఆర్ చార్టు, అంటే జ్వరం, నాడి, శ్వాస రాసే పట్టిక, నింపే పని నాది. నాకంటే ముందు షిఫ్ట్ వాళ్లు శ్వాస గడిలో అందరికీ 20 అని రాసి ఉన్నారు. నేనూ వరుసగా 20, 20, 20 అని రాసుకుంటూ పోయాను. వార్డు సిస్టర్ ఆ చార్టు చూసి ఏమీ మాట్లాడకుండా నన్ను ఒక మంచం దగ్గరికి తీసుకెళ్లారు. ఆపరేషన్ అయి రెండు రోజులైన ఒక అమ్మ. సిస్టర్ తన చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టి, "పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు" అన్నారు. 32 వచ్చింది. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 ఉండాలని నాకు పుస్తకంలో తెలుసు. ఆమె భుజాలు ఎగరేసి మరీ ఊపిరి తీసుకుంటోంది. అరగంట ముందు అదే మంచం పక్కన నిలబడి నేను ఆమె ముఖం వైపు కూడా చూడలేదు.

డాక్టర్ వచ్చారు, ఆక్సిజన్ పెట్టారు, న్యుమోనియా మొదలైందని తేలింది. ఆమె కోలుకుని ఇంటికి వెళ్లింది. ఆ రోజు సిస్టర్ నన్ను తిట్టలేదు. స్టోర్ రూమ్ దగ్గర నిలబెట్టి, "నీకు తెలియకపోతే గడి ఖాళీగా వదిలెయ్. ఖాళీ కనపడితే నేను వచ్చి చూస్తాను. 20 కనపడితే రాను" అన్నారు. ఆ మాట తర్వాత నేను వందల మంది విద్యార్థులకు చెప్పాను.

ఇప్పుడు నీకు ఎందుకు వినపడలేదో చూద్దాం. ల్యాబ్‌లో నీ ఫ్రెండ్ చెయ్యి వయసులో ఉన్న చెయ్యి, గది నిశ్శబ్దంగా ఉంది. వార్డు అలా ఉండదు. స్టెతస్కోప్ చెవి మొనలు ముక్కు వైపు వంగి ఉండాలి, తిరగేసి పెట్టుకుంటే సగం శబ్దం పోతుంది. రెండు ముఖాలున్న స్టెతస్కోప్ అయితే ఏ వైపు తెరిచి ఉందో వేలితో మెల్లగా తట్టి చూసుకో. చొక్కా చెయ్యి మీద కఫ్ కట్టకు. కఫ్ అంచు మోచేతి మడతకు రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి, చెయ్యి గుండె ఎత్తున దేనిమీదైనా ఆని ఉండాలి. మోచేతి లోపలి వైపు వేళ్లతో నాడి దొరికించుకుని, సరిగ్గా అక్కడే స్టెతస్కోప్ పెట్టు. చాలామంది కొత్తవాళ్లు ఈ ఒక్కటే వదిలేస్తారు.

ఇంకొకటి, చెవికంటే ముందు వేళ్లను వాడు. మణికట్టు నాడి పట్టుకుని పంప్ చెయ్యి. నాడి ఏ అంకె దగ్గర మాయమైందో గుర్తుపెట్టుకో. గాలి పూర్తిగా వదిలి ఒక నిమిషం ఆగు. మళ్లీ ఆ అంకెకు 30 పైదాకా ఎక్కించి, సెకనుకు రెండు మూడు పాయింట్ల చొప్పున దించు. బీపీ ఎక్కువగా ఉన్న కొందరిలో శబ్దం మొదలై, మధ్యలో మాయమై, కిందికి వచ్చాక మళ్లీ వినపడుతుంది. ముందే వేళ్లతో చూసుకుంటే ఆ ఖాళీలో పడిపోవు. నువ్వు ఆగకుండా మూడుసార్లు పంప్ చేశావు. అలా చేస్తే చేతిలో రక్తం నిలిచి, వినపడే శబ్దం కూడా సన్నబడుతుంది, పేషెంటుకు నొప్పి మిగులుతుంది.

చెవితో వినే పద్ధతిని రష్యన్ డాక్టర్ కొరొట్కాఫ్ 1905లో చెప్పారు. అంతకు ముందు, 1896లో ఇటలీ డాక్టర్ రివా-రోచి కఫ్ తయారుచేసినప్పుడు వేళ్లతో నాడి చూసి మాత్రమే పై అంకె (120/80లో 120 లాంటిది) కనుక్కునేవారు. కాబట్టి నీకు ఏమీ వినపడని రోజున కూడా నీ చేతిలో ఒక సమాచారం ఉంటుంది. "సిస్టర్, నాలుగో బెడ్ తాతగారికి శబ్దం వినపడటం లేదు. నాడి చూస్తే పై అంకె 110 దగ్గర అందింది. మీరొకసారి చూస్తారా?" అని చెప్పగలవు. నాడి కూడా సరిగ్గా అందకపోతే ఇంకా పరుగున వెళ్లాలి. రక్తపోటు బాగా పడిపోయిన మనిషికి శబ్దాలు నిజంగానే వినపడవు. ఆ మౌనాన్ని నీ చేతకానితనం అనుకుని 120/80 రాశావంటే, ఆయన షాక్‌లో, అంటే ఒంటికి రక్తం చాలక ప్రాణం మీదికి వచ్చిన స్థితిలో, ఉన్న సంగతి ఎవరికీ తెలియదు.

చూస్తున్న కొడుకూ కోడలి సంగతి. "తాతగారూ, సరిగ్గా వినపడలేదండీ. చెయ్యి కాసేపు వదిలేద్దాం, సిస్టర్‌ను పిలుచుకొస్తాను" అని వాళ్లకు వినపడేలా చెప్పు. ఇలా చెప్పినందుకు నా విద్యార్థుల్ని చిన్నచూపు చూసిన బంధువులు నాకు గుర్తులేరు.

పనికొస్తావా అని అడిగావు. పది రోజుల్లో అది నేను చెప్పలేను, నువ్వూ తేల్చుకోకు. నర్సు నైపుణ్యం ఐదు మెట్లుగా పెరుగుతుందని అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ పాట్రీషియా బెన్నర్ 1984లో రాశారు. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లకు పరిస్థితి చూసి అర్థం చేసుకునే అనుభవం ఉండదు, నియమాలే ఆధారం అని ఆవిడ అంటారు. నువ్వు ఆ మెట్టు మీదే ఉన్నావు. ప్రస్తుతానికి ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకో: విన్నది, చూసింది, లెక్కపెట్టింది మాత్రమే రాస్తాను.

ప్రశ్న: వాడిన సూది నా వేలికి గుచ్చుకుంది. చిన్న చుక్క రక్తం వచ్చింది. చెబితే నిర్లక్ష్యం అంటారని చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలా?

జవాబు: చెప్పాలి తల్లీ, ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే వెళ్లి చెప్పు. గుచ్చుకున్న వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. వేలు పిండకూడదు, ఘాటు మందులు రుద్దకూడదు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనిచేస్తాయని చెప్పలేం. ఒకవేళ ఆ గడువు దాటిపోయినా వెళ్లు. రక్త పరీక్షలు చేయాలి, నీ హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో చూడాలి. ఏ సూది, ఏ పేషెంటు, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లు. ఎవరైనా నిర్లక్ష్యం అంటే అననీ. ఆ మాట రేపటికి పోతుంది.

ప్రశ్న: పుండుకు డ్రెస్సింగ్ విప్పుతుంటే చూసి కళ్లు తిరిగి పడిపోయాను. "మగపిల్లాడివై ఉండి" అని నవ్వారు. నర్సింగ్ మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు: మానకు బాబూ. ఇది ధైర్యానికి సంబంధించింది కాదు. కొందరికి రక్తం, పుండు చూడగానే గుండె వేగం తగ్గి, రక్తనాళాలు వదులై, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, మెదడుకు రక్తం చాలదు. మగా ఆడా తేడా లేదు. ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్లకు, నీళ్లు తాగు. నిలబడినప్పుడు మోకాళ్లు బిగదీయకు. చెమట, ఆవులింత, వికారం, చెవుల్లో హోరు, వీటిలో ఏది మొదలైనా తొడలూ పిక్కలూ బిగించి వదులుతూ, "సిస్టర్, నాకు తల తిరుగుతోంది" అని చెప్పి స్టెరైల్ ట్రేకి (క్రిములు లేకుండా చేసిన సామాను పెట్టే పళ్లేనికి) దూరంగా జరిగి నేల మీదే కూర్చో. మొహమాటపడి నిలబడితే ట్రే మీదో పేషెంటు మీదో పడతావు. నాలుగైదు డ్రెస్సింగ్‌లు దగ్గరుండి చూశాక చాలామందికి ఇది తగ్గిపోతుంది. ఏ కారణం లేకుండా పడిపోతున్నా, గుండె దడ వస్తున్నా మాత్రం డాక్టర్‌కు చూపించుకో. నవ్విన వాళ్ల మీద నాకు కోపం వచ్చింది, అది కూడా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ప్రశ్న: తొమ్మిది రోజులు నేనే జుట్టు దువ్వి, ముఖం కడిగిన ఒక అమ్మమ్మ నా డ్యూటీలోనే చనిపోయారు. గంటన్నరలో ఆ మంచం మీద వేరే పేషెంటు. నేను ఏడుస్తుంటే సీనియర్ అక్క "ఇలా ఏడిస్తే నర్సువి కాలేవు" అంది. నేను గట్టిపడాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. నేను చివరి డ్యూటీ వరకూ ఏడ్చాను. మీ సీనియర్ అక్క మాట కటువుగా ఉన్నా, ఆమె కూడా ఎప్పుడో ఒంటరిగా ఏడ్చి ఉంటుందని నా అనుమానం. ఎక్కడ ఏడవాలన్నది మాత్రం చూసుకో. కుటుంబం ఎదుట కళ్లు తడిస్తే తప్పు లేదు. వాళ్లే నిన్ను ఓదార్చాల్సి వస్తే పక్కకు వెళ్లాలి. అదే రోజు ట్యూటర్‌తోనో నీ బ్యాచ్ అమ్మాయితోనో మాట్లాడు. నీకు ఎలా ఉందో ఎంతైనా చెప్పుకో, కానీ ఆమె పేరు, జబ్బు, ఫొటో నీ ఫోన్‌లో ఏ స్టేటస్‌లోనూ కనపడకూడదు. ప్రేమతో పెట్టినా సరే.

ఆ మంచం అంత త్వరగా నిండిపోవడం నన్ను కూడా మొదట్లో బాగా కుంగదీసింది. తర్వాత నేను ఒక పని అలవాటు చేసుకున్నాను. ఎవరైనా పోయినప్పుడు ఆఖరిసారి ఒళ్లు తుడిచే పనికి "నేను వస్తాను" అని అడిగి వెళ్లేదాన్ని. కళ్లు మూసి, చేతులు సరిచేసి, అప్పటిదాకా పిలిచినట్టే పిలుస్తూ, "అమ్మా, ఇప్పుడు ఎడమ వైపుకు తిప్పుతున్నాను" అని చెప్పేదాన్ని. వినరని తెలుసు. అయినా బతికుండగా చెప్పకుండా తిప్పలేదు కదా. తుడిచేటప్పుడు కప్పిన దుప్పటిని ఎంతవరకు అవసరమో అంతవరకే తీసేదాన్ని, బతికున్న మనిషికి తీసినట్టే.

ఈసారి అలాంటి సమయం వస్తే దూరంగా నిలబడకు, మీ సిస్టర్‌ను అడిగి ఆమె పక్కన చెయ్యి కలుపు. ఆ అమ్మమ్మ జుట్టు ఎలా దువ్వితే ఆమెకు నచ్చేదో వార్డులో నీకొక్కదానికే తెలిసి ఉంటుంది.