ఎకో నార్మల్‌గా వస్తే గుండెలో బ్లాకులు లేనట్టేనా?

అలా చెప్పలేం; ఎకో అనే గుండె స్కాన్ చూపించేది గుండె కండరం, కవాటాలు, రక్తం పారే తీరునే గానీ బ్లాకులు వచ్చే కరోనరీ నాళాల (గుండె కండరానికి రక్తం అందించే నాళాలు) లోపలి పూడికను కాదు. జెల్ రాసి ఛాతీకి ఆనించిన ప్రోబ్ పంపే, మన చెవికి వినపడని ధ్వని తరంగాలు గుండె గోడలకు తగిలి తిరిగొస్తాయి. ఆ ప్రతిధ్వనులే తెరమీద కదిలే బొమ్మవుతాయి. కరోనరీ నాళాలేమో మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నటివి, పైగా గుండెతోపాటు కదులుతూనే ఉంటాయి; అందుకే వాటి లోపలి పూడిక ఆ బొమ్మలో తెలియదు.

ఒక నాళం 70 శాతం పూడుకున్నా, పడుకుని ఉన్నప్పుడు కండరానికి రక్తం సరిపోవచ్చు. అప్పుడు రిపోర్టులో ఈఎఫ్ (గుండె ఒక్కో స్పందనకు బయటికి పంపే రక్తం శాతం) నార్మల్‌గా 60 శాతమనే వస్తుంది, నొప్పి మెట్లెక్కితేనే తెలుస్తుంది. అలాంటి నొప్పి ఉంటే నార్మల్ రిపోర్టు చూసి ఊరుకోకూడదు. స్ట్రెస్ ఎకో (గుండెకు శ్రమ కలిగించి తీసే ఎకో), యాంజియోగ్రామ్ (నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) లాంటివి అందుకే ఉన్నాయి.

ఈఎఫ్ 60 అంటే గుండె 60 శాతమే పనిచేస్తోందని చాలామంది టెన్షన్ పడతారు. అది ఎడమ జఠరికలో (గుండె ఎడమవైపు కింది గది) నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి వెళ్లే వాటా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ దాదాపు అంతే ఉంటుంది.