ఎన్నారై సందేహాలు: బంగారు ముద్ర కవరుకు డబ్బు కట్టాలా?

సందేహం: హైదరాబాద్ నుంచి అమెరికాలోని షార్లెట్ వచ్చి ఏడాది కాలేదు. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పేరు మీద బంగారు ముద్రతో ఒక కవరు వచ్చింది. ప్రతిభావంతుల సొసైటీ ఒకటి తనను ఎంపిక చేసిందట, నెలాఖరులోగా సభ్యత్వ రుసుము కట్టాలట. కాలేజీ అడ్మిషన్లలో పనికొస్తుందా? వదిలేస్తే నష్టమా?

జవాబు: వదిలేస్తే నష్టమేమీ లేదండీ. మన ఇళ్ళలో పిల్లలకు పేరొచ్చిందంటే ఆగలేం. కవరు ఫొటో ఆ సాయంత్రానికే అమ్మమ్మగారి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, శుభాకాంక్షలు వచ్చేస్తాయి. ఇక డబ్బు కట్టకుండా ఉండాలంటే మొహమాటం. గడువు నెలాఖరుకు పెట్టడం వెనక ఉన్నదీ ఈ తొందరే.

అడ్రసు వాళ్ళకెలా తెలిసిందంటారా? బడిలో పరీక్షలప్పుడో, కెరీర్ సర్వే పేరుతోనో పిల్లలు ఫారాలు నింపుతారు. సంప్రదించవచ్చు అనే గడిలో టిక్కు పెడతారు, పేరు జాబితాలోకి ఎక్కుతుంది. ఉత్తరంలో 'మీ టీచరు నామినేట్ చేశారు' అని ఉంటే ఏ టీచరో అడిగి చూడండి. చాలాసార్లు ఆ పేరే ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్ళు పేర్ల దగ్గరే తికమకపడతారు. నేషనల్ ఆనర్ సొసైటీ 1921 నుంచి ఉంది. అది బడిలోనే నడుస్తుంది. జీపీఏ (మార్కుల సగటు) 4.0కి కనీసం 3.0 ఉండాలి, చాలా బడులు అంతకంటే ఎక్కువే అడుగుతాయి. మార్కులతో పాటు సేవ, నాయకత్వం, నడవడిక చూసి అయిదుగురు టీచర్ల కమిటీ తీసుకుంటుంది. నేషనల్ సొసైటీ ఆఫ్ హైస్కూల్ స్కాలర్స్ అది కాదు, వేరే సంస్థ. 2002లో అట్లాంటాలో పుట్టింది, రుసుము కట్టి సభ్యులవ్వాలి. వ్యవస్థాపకుల్లో ఒకరు నోబెల్ వంశస్థుడే గానీ నోబెల్ బహుమతికీ దీనికీ సంబంధం లేదు. సభ్యులకు స్కాలర్‌షిప్పులు పెడతారన్నది నిజమే. అయితే వాటికి మళ్ళీ దరఖాస్తు చేసుకుని పోటీపడాలి.

నేను చూసేది ఒక్కటే. ఎంతమందిని కాదన్నారు? కాదనడమే లేని చోట ఎంపిక అనే మాటకు అర్థం లేదు. నాన్‌ప్రాఫిట్ అనగానే ధర్మసత్రం అనుకోకండి. నాన్‌ప్రాఫిట్లు ఐఆర్‌ఎస్‌కు, అంటే ఇక్కడి ఆదాయపు పన్ను శాఖకు, ఏటా ఇచ్చే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొడితే ఉచితంగా దొరుకుతుంది. సభ్యత్వాల మీద వచ్చిందెంత, పిల్లలకు పంచిందెంత, పైవాళ్ళ జీతాలెంత అన్నవి పక్కపక్కన పెట్టి చూడండి. పది నిమిషాల పని. ఉత్తరంలో రాయని సంగతులు అక్కడుంటాయి.

'భావి డాక్టర్లు', 'భావి నాయకులు' అంటూ పిలిచే వేసవి సమావేశాలదీ ఇదే దారి, కాకపోతే బిల్లు వేలల్లో. విమానం టికెట్టు వేరు. పిల్ల సరదాపడి మీకు స్తోమతు ఉంటే విహారయాత్ర అనుకుని పంపండి, అవార్డు అనుకుని మాత్రం కాదు.

చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో ఆనర్స్‌కు (గుర్తింపులకు) అయిదు గడులే, ఒక్కోదానికి వంద అక్షరాలు. యాక్టివిటీలకు పది. డబ్బు కట్టి చేరిన సభ్యత్వాన్ని అడ్మిషన్ ఆఫీసర్లు ఇట్టే గుర్తుపడతారు. చివరికి నేషనల్ ఆనర్ సొసైటీకి కూడా, మనవాళ్ళు ఎక్కువగా ఉండే బడుల్లో సగం క్లాసు చేరే చోట, పెద్ద బరువుండదు. అందులో అమ్మాయి ఏం చేసిందన్నదే చూస్తారు.

పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మన దేశంలోని ప్రతిభా పరీక్ష ఎన్‌టీఎస్‌ఈ గుర్తుందా? ఇక్కడ దానికి దగ్గరగా ఉండేది నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్. పదకొండో తరగతి అక్టోబరులో రాసే పీఎస్‌ఏటీయే (కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీకి ముందు మెట్టు) దానికి ప్రవేశ పరీక్ష. పది లక్షల మందికి పైగా రాస్తే సుమారు 16,000 మంది సెమీఫైనలిస్టులవుతారు. కటాఫ్ రాష్ట్రానికొకటి. న్యూజెర్సీలో గట్టెక్కడం కష్టం, వయోమింగ్‌లో తేలిక. స్కాలర్‌షిప్ 2,500 డాలర్లే, కానీ యూటీ డాలస్, అలబామా లాంటి యూనివర్సిటీలు ఫైనలిస్టులకు ఫీజు మొత్తం మాఫీ చేస్తూ వచ్చాయి. కంపెనీలు కొన్ని తమ ఉద్యోగుల పిల్లలకు విడిగా ఇస్తాయి, మీ హెచ్‌ఆర్‌ను అడగండి. ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి) పరీక్షలు బాగా రాస్తే, వాటిని నడిపే కాలేజ్ బోర్డు ఇచ్చే ఏపీ స్కాలర్ గుర్తింపుకు పైసా కట్టక్కర్లేదు, దరఖాస్తు కూడా లేదు. లెక్కలు ఇష్టమైతే ఏఎంసీ 10 అనే గణిత పోటీ. అందులో నెగ్గుకొస్తే తర్వాతి మెట్టయిన ఏఐఎంఈకి పిలుస్తారు.

మీరు వర్క్ వీసా మీద వచ్చి ఉంటే ఇంకొకటి చూసుకోవాలి. ప్రెసిడెన్షియల్ స్కాలర్స్ లాంటివి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే. హెచ్-4 (వర్క్ వీసా వాళ్ళ కుటుంబ సభ్యుల వీసా) పిల్లలకు ఆ తలుపు తెరవరు. రీజనరాన్ సైన్స్ టాలెంట్ సెర్చ్ అనే పరిశోధన పోటీకి అది అడ్డు కాదు, పన్నెండో తరగతి ఇక్కడి బడిలో చదువుతుంటే చాలు. దేశం మొత్తం మీద 300 మందిని ఏరి, ఒక్కొక్కరికి 2,000 డాలర్లు, వాళ్ళ బడికీ అంతే ఇస్తారు. దానికి సొంత పరిశోధన కావాలి, కాబట్టి ఇప్పటినుంచే సైన్సు టీచరుతో మాట్లాడమనండి.

ఆ కవరును ఒకసారి బడిలోని కౌన్సెలర్‌కు చూపించి, ఈ బడి నుంచి ఇలాంటివి ఎంతమందికి వచ్చాయో అమ్మాయినే అడగమనండి. మీ అమ్మాయికి లెక్కలోకొచ్చే పీఎస్‌ఏటీ వచ్చే అక్టోబరులోనే. ఆ పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లో ప్రాక్టీసు పరీక్షలు ఉచితం.