పెట్రోలు కంటే ముందు అప్పుల సంగతి చూడండి

ప్రశ్న: మా ఇద్దరి జీతాలూ కలిపి నెలకు చేతికొచ్చేది 100 అనుకుంటే, 35 ఇంటి లోను ఈఎంఐకి, 12 పిల్లల చదువు కోసం మ్యూచువల్ ఫండ్లకు వెళ్తాయి. లోను ఈ మధ్యే తీసుకున్నాం. 20 ఏళ్ల గడువు, 8 శాతం ఫ్లోటింగ్ వడ్డీ. పిల్లల చదువుకు ఇంకా తొమ్మిదేళ్ల టైమ్ ఉంది. వారానికి ఐదు రోజులు ఇద్దరం కార్లోనే ఆఫీసుకు వెళ్తాం. మొన్నటిదాకా పెట్రోలుకు 8 అయ్యేది, ఇప్పుడు 10 అవుతోంది. దీని వెనకాలే అన్ని ధరలూ పెరుగుతాయేమోనని ఒకటే టెన్షన్. ఫండ్లు ఆపేసి బంగారం కొందామా? మైలేజీ ఎక్కువ ఇచ్చే కొత్త కారు తీసుకుందామా? రెండు నెలలుగా పెట్రోలు క్రెడిట్ కార్డు మీదే కొట్టించి, మినిమం డ్యూ కడుతున్నాం.

జవాబు: మీరు అడిగిన రెండింటికీ జవాబు చెప్తాను. కానీ అడగకుండా చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారే, ఆ కార్డు సంగతి ముందు మాట్లాడుకోవాలి. ఉత్తరం మొత్తంలో నన్ను కంగారు పెట్టింది అదొక్కటే.

మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంత కట్టాలని చూపించే చిన్న మొత్తం, కడితే లేట్ ఫీజు తప్పుతుంది, అంతే. మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. చాలా కార్డుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ వడ్డీ చాలాచోట్ల ఏడాదికి 20 శాతం పైమాటే. అంటే పెట్రోలు ధర 25 శాతం పెరిగిందని బాధపడుతూ, అదే పెట్రోలును ఏడాది పాటు కార్డు మీద ఉంచితే దాదాపు మరో అంత పెంపును మీ చేతులతో మీరే నెత్తికెత్తుకున్నట్టు. ఫండ్లు ఆపడానికి నేను ఒప్పుకునే కారణం ఇదొక్కటే. ఆ 12ను కార్డు బాకీకి మళ్లించండి. రెండు నెలల పెట్రోలు బాకీయే కాబట్టి ఒకటి రెండు నెలల్లో తీరిపోతుంది. తీరిన మర్నెల నుంచే ఫండ్లు మళ్లీ మొదలుపెట్టండి. ఇకమీదట బంకులో డెబిట్ కార్డో, నగదో వాడండి.

ఇప్పుడు పెట్రోలు. ధర 25 శాతం పెరిగింది, నిజమే. కానీ మీ ఇంటి మొత్తం లెక్కలో పెరిగింది 100కి 2. పెరిగిన ధరలో పాత బిల్లు దాటకుండా ఉండాలంటే వాడకాన్ని ఐదో వంతు తగ్గించాలి. ఆఫీసు ఐదు రోజులు కాబట్టి, వారానికి ఒక రోజు బస్సో, రైలో, ఇంటి నుంచి పనో, పక్కింటివాళ్లతో కలిసి ఒకే కారో చూసుకుంటే ఆఫీసు ప్రయాణం వరకు లెక్క సరిపోతుంది. నడిపే తీరు మీద కూడా చాలా ఉంది. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కి, అంతలోనే గట్టిగా బ్రేకు వేసే అలవాటు వల్ల హైవే మీద మైలేజీ 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం దాకా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పైసా ఖర్చు లేకుండా ఈ నెల నుంచే మార్చుకోగలిగిన విషయం ఇది.

మరి ద్రవ్యోల్బణం? మీ భయంలో అర్థం ఉంది. అయితే గమనించాల్సింది పెట్రోలు కంటే ఎక్కువగా డీజిల్‌ను. సరుకు మోసే లారీలు నడిచేది దాని మీదే కాబట్టి, మార్కెట్లో మిగతా వస్తువుల ధరలకు సెగ తగిలేది ఎక్కువగా అటు నుంచే. ఇంకో సంగతి. ద్రవ్యోల్బణాన్ని మామూలుగా నిరుటి ఇదే నెలతో పోల్చి కొలుస్తారు. ఈసారి పెరిగిన పెట్రోలు ధర తగ్గకుండా అక్కడే ఆగిపోయినా, ఏడాది తిరిగేసరికి ఆ పోలికలో దాని వాటా సున్నా అవుతుంది. ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అని వార్త వస్తుంది, మీ బిల్లు మాత్రం తగ్గదు. కాబట్టి హెడ్‌లైన్లలో వచ్చే అంకె కంటే మీ ఇంటి నెల ఖర్చుల పుస్తకాన్ని నమ్మండి.

క్రూడాయిల్ ఎంత వేగంగా ఎక్కుతుందో అంత వేగంగానూ దిగగలదు. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లను తాకింది. అదే ఏడాది డిసెంబరులో 40 డాలర్ల కిందికి పడింది. రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగాక 2022 మార్చిలో 130 డాలర్లు దాటిన బ్రెంట్ క్రూడ్ (ప్రపంచ మార్కెట్లో చమురు ధరకు కొలమానంగా చూసే రకం), ఆ ఏడాది ముగిసేసరికి 85 డాలర్ల దగ్గరికి వచ్చింది. కానీ వడ్డీల సంగతి చూడండి. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. దాన్ని అదుపు చేయడానికి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మార్చి దాకా సున్నా దగ్గరున్న వడ్డీ రేటును పెంచుకుంటూ పోయి, 2023 జులైకి 5.25–5.50 శాతానికి తెచ్చింది. 2024 సెప్టెంబరు దాకా తగ్గించలేదు. అంటే చమురు చల్లబడి ఏడాదిన్నర దాటినా వడ్డీల వేడి తగ్గలేదు.

మీ ఇంటికి అసలు ప్రమాదం ఇక్కడుంది. మీ లోను ఫ్లోటింగ్, అంటే బయట వడ్డీ రేట్లు మారితే మీ వడ్డీ కూడా మారుతుంది. వడ్డీ 8 నుంచి 9 శాతానికి వెళ్తే, 20 ఏళ్ల గడువును అలాగే ఉంచాలంటే ఈఎంఐ సుమారు 7.6 శాతం పెరగాలి. మీ 35 మీద అది 2.65. పెట్రోలు వల్ల పెరిగిన 2 కంటే ఎక్కువ! అదీ ఒక్క శాతానికే. పెట్రోలు బిల్లు బంకులో ప్రతిసారీ కళ్లకు కనిపిస్తుంది. ఇది అలా కనిపించదు. ఎందుకంటే చాలా బ్యాంకులు ఈఎంఐని ముట్టుకోకుండా గడువును పొడిగిస్తాయి. అలా పొడిగిస్తే మీ 240 వాయిదాలు కాస్తా 304 అవుతాయి. నెలనెలా కట్టేది మారలేదు కదా అని మీరు ధీమాగా ఉంటారు, ఈలోగా ఐదేళ్లకు పైగా అప్పు కొత్తగా చేరిపోయి ఉంటుంది. వడ్డీ 10 శాతానికి వెళ్లిందనుకోండి, పాత ఈఎంఐ దాదాపు అంతా వడ్డీకే సరిపోతుంది, అసలు సొమ్ము దాదాపు తగ్గదు.

అందుకని ఈ వారమే బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. రేటు మారితే నా ఈఎంఐ పెంచుతారా, గడువు పెంచుతారా? ముందే నాకు తెలియజేస్తారా? కొంత అసలు ముందుగా కడితే చార్జీ ఉందా? ఫిక్స్‌డ్ రేటుకు మారాలంటే ఎంతవుతుంది? గడువు పొడిగించే పద్ధతి అయితే, ఈఎంఐనే పెంచమని కోరండి. ఆ పెంపు తట్టుకోగలరా అన్నది ఇప్పుడే తెలుసుకోవచ్చు. కార్డు బాకీ తీరాక మూడు నెలల పాటు ఆ 2.65ను జీతం రాగానే వేరే ఖాతాలో వేసి చూడండి. ఇల్లు సాఫీగా గడిస్తే భయం లేదు. గడవకపోతే ఎక్కడ తగ్గించాలో తీరుబడిగా చూసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ మూడు నెలల్లో పోగైన డబ్బును అత్యవసర నిధికి జమ చేయండి. కనీసం ఆరు నెలల ఖర్చు, ఈఎంఐతో కలిపి, చేతికందేలా ఉండాలి.

బంగారం విషయం. 1979లో ఇరాన్ విప్లవంతో చమురు ధర ఎగిసిపడ్డాక, 1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకు చేరింది. ఆ భయంలో, ఆ ధరకు కొన్నవాళ్లు మళ్లీ ఆ అంకె చూడటానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో పెరిగిన ధరలను లెక్కేస్తే నష్టం ఇంకా పెద్దది. బంగారం వద్దని కాదు, మొత్తం పొదుపులో పదో వంతు దాకా ఉంచుకోండి. కానీ పిల్లల చదువు డబ్బు ఆపి మరీ కొనకండి. ఫండ్లు ఆపి డబ్బును ఊరికే ఖాతాలో ఉంచడమూ నష్టమే. ధరలు ఏటా 7 శాతం పెరిగితే పదేళ్లకు డబ్బు విలువ సగమైపోతుంది. ధరల పెరుగుదలను మించి ఎదిగే అవకాశం తొమ్మిదేళ్ల డబ్బుకు కావాలి, మార్కెట్ ఎగుడుదిగుళ్లను ఓర్చుకునే సమయమూ దానికి ఉంది. చదువు మొదలవడానికి మూడేళ్ల ముందు నుంచి కొంచెం కొంచెంగా డిపాజిట్లలోకి మార్చుకోండి.

కొత్త కారు మాత్రం వద్దు. మీ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తోందనీ, కొత్తది 20 ఇస్తుందనీ అనుకుందాం. అప్పుడు పెట్రోలు నాలుగో వంతు ఆదా, అంటే మీ 10లో 2.5. ఆ 2.5తో కారు లోను ఈఎంఐ, పెరిగే ఇన్సూరెన్సు రెండూ వెళ్లిపోతాయేమో షోరూములో అడిగి చూడండి. పాత కారు ఎలాగూ మార్చాల్సిన స్థితికి వస్తే అది వేరే మాట, అప్పుడు మైలేజీనే ముందు చూడండి.

ఈసారి జీతాలు పెరిగిన నెలలోనే బ్యాంకుకు వెళ్లి ఈఎంఐని మీ అంతట మీరే 5 శాతం పెంచమని అడగండి. 35 కాస్తా 36.75 అవుతుంది. వడ్డీ 8 శాతం దగ్గరే ఉంటే ఈ ఒక్క పెంపుతోనే 240 నెలల లోను సుమారు 215 నెలల్లో తీరిపోతుంది. ఒకవేళ వడ్డీ పెరిగినా, ఆ భారంలో చాలా భాగానికి మీరు ముందే సిద్ధపడి ఉంటారు.