కెగ్‌లోనే పులియబెట్టండి, ప్రెషర్ సంగతి తర్వాత

"ఇంట్లో బీర్ చేసుకుంటున్నాను, ఇప్పటిదాకా ప్లాస్టిక్ బకెట్‌లోనే పులియబెట్టాను, కెగ్‌లో పులియబెడితే నిజంగా తేడా వస్తుందా, ప్రెషర్ వాల్వ్ కొనక తప్పదా?" అని అడిగారు.

వస్తుంది. చాలా వస్తుంది. కానీ అందరూ చెప్పే కారణం వల్ల కాదు. కెగ్ అంటే మూత బిగుసుకునే స్టీలు డబ్బా, దాని మాట ఎత్తగానే జనం ప్రెషర్ గురించి మొదలుపెడతారు, ఎన్ని పీఎస్ఐ (ప్రెషర్ కొలత) పెట్టాలి, ఎంత త్వరగా అయిపోతుంది, మామూలుగా చల్లగా పులియబెట్టే లాగర్ బీర్‌ని గది వేడిలోనే లాగించేయొచ్చా అని. ఆ గొడవంతా కాసేపు పక్కన పెట్టండి. పులియడం మొదలైన దగ్గర్నుంచి గ్లాసులో పడేదాకా బీర్‌కి గాలి తగలకపోవడం, కెగ్ వల్ల లాభం అదీ. మిగతావన్నీ దాని తర్వాతే.

నాకో స్నేహితుడున్నాడు, బకెట్ భక్తుడు. "రెంటికీ తేడా చూపించరా, నా బకెట్ నీకిచ్చేస్తా" అని పందెం కట్టాడు. సరే అని హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పూలు) బాగా దట్టించిన పేల్ ఏల్ అనే లేత రంగు బీర్ ఒకటి కాచి, సగం వాడి బకెట్‌లో, సగం నా కెగ్‌లో పోశాం. అదే ఈస్ట్, అదే గది, అదే మూల. పులియడం అయ్యాక వాడు ఎప్పటిలాగే మూత తీసి, గొట్టం పెట్టి లాగి, చక్కెర వేసి సీసాల్లో నింపుకున్నాడు. నేను మాత్రం మూత తీయకుండా, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో ముందే నింపి ఉంచిన ఇంకో కెగ్‌లోకి గొట్టంతో ఎక్కించాను. సీసాల్లో గ్యాస్ పట్టగానే మొదటిసారి రుచి చూశాం. తేడా లేదు. నిజంగానే లేదు. వాడి సంబరం చూడాలి, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు, ఇంత ఇనుము మోసి వీడు సాధించింది ఇదీ అని. నేను ఏమీ అనలేదు, నాలుగు సీసాలు విడిగా పెట్టి ఓ నెల ఆగుదామన్నాను.

నెల తర్వాత గ్లాసులు పక్కపక్కన పెడితే చూడ్డానికే రెండు వేర్వేరు బీర్లు. కెగ్‌ది ఇంకా లేత బంగారు రంగులోనే ఉంది, ముక్కు దగ్గర పెట్టగానే హాప్స్ వాసన గుప్పుమంది. సీసాది నిన్నటి టీ డికాషన్‌లా నల్లబడింది. హాప్స్ వాసన పోయింది, తడిసిన అట్టపెట్టె వాసన మిగిలింది. వాడు రెండూ చూసి, గుటకేసి, కాసేపు ఆలోచించి "ఇది పాడవలేదురా, ముదిరింది, ముదిరితేనే రుచి" అన్నాడు. ఆ మాట అంటూనే నా కెగ్ గ్లాసు ఖాళీ చేశాడు, వాడిది సగంలోనే ఉండిపోయింది. బకెట్ ఇప్పటికీ ఇవ్వలేదు. ఒక్క పోలికతో ఇంత గట్టిగా ఎలా చెప్తావంటారా, ఆ రెండు గ్లాసులూ చూసిన కళ్ళకి ఇంకో పోలిక అక్కర్లేదు.

నిజానికి బకెట్ తప్పేమీ లేదు. ఈస్ట్ జోరుగా పనిచేస్తున్నంతసేపు లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ని అదే మింగేస్తుంది. ఈస్ట్ నెమ్మదించాక మనం మూత తీస్తాం చూడండి, గొట్టంతో లాగుతాం, సీసాల్లో గలగలా పోస్తాం, దెబ్బ అక్కడ పడుతుంది. హాప్స్ ఎక్కువైన బీర్ అయితే మరీ త్వరగా పాడవుతుంది. రోజూ మూత తీసి "అయిందా, అయిందా" అని చూసేవాళ్ళని అసలేమనాలో నాకు తెలియదు.

ఇప్పుడు కెగ్ విషయం. మనం వాడేవి ఎక్కువగా ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీలు సిరప్ నింపి పంపిన స్టీలు డబ్బాలే, లేకపోతే ఆ నమూనాలో చేసినవే. 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు పడుతుంది. అలాగని నిండా పోయకండి, నురగకి చోటు కావాలి, 15 లీటర్లు పోసి ఆపండి. అత్యాశకి పోయి అంచుదాకా నింపితే నురగ గ్యాస్ దారిలోకి ఎక్కి అక్కడే గట్టిపడుతుంది, దారి మూసుకుపోతుంది, లోపల ప్రెషర్ పెరుగుతూ పోతుంది. కెగ్ మూత మీద రిలీఫ్ వాల్వ్ ఉంటుంది నిజమే, అది ప్రాణాల మీదకి వచ్చినప్పటి కోసం, దాన్ని నమ్ముకుని అన్నీ బిగించి కూర్చోకూడదు.

బీర్ బయటికొచ్చే గొట్టం అడుగుదాకా ఉంటుంది, అడుగున ఉండేది మడ్డి. అందుకే పైన తేలే గొట్టం ఒకటి కొనుక్కోండి. ఉన్నదాన్నే ఓ అంగుళం కోసేవాళ్ళూ ఉన్నారు, నాకు తేలేదే ఇష్టం, పైనుంచి తేటది తాగుతూ కిందికి దిగుతాం.

ఇంకో ముచ్చట, ఇది చాలామంది వాడుకోరు. 12 ప్లేటో సాంద్రత (అంటే బరువులో దాదాపు 12 శాతం చక్కెరలు) ఉన్న ఒక లీటరు మాల్ట్ రసం, అదే బీర్‌గా మారే తీపి రసం, పులిసేటప్పుడు దాదాపు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 15 లీటర్లకి 300. దాన్ని గాలిలోకి వదిలేసి, మళ్ళీ సిలిండర్ కొనుక్కొచ్చి రెండో కెగ్ నింపుతారు! రెండో కెగ్‌ని శానిటైజర్‌తో (సామాన్లలో సూక్ష్మజీవుల్ని చంపే ద్రవంతో) నింపి, పులిసే కెగ్ గ్యాస్ దారిని దాని గ్యాస్ దారికి కలపండి. వచ్చే గ్యాసే శానిటైజర్‌ని బీర్ బయటికొచ్చే దారి గుండా బయటికి నెట్టేసి, తను ఆ చోట నిండుతుంది. నేను స్నేహితుడి పందెంలో చేసింది ఇదే. శానిటైజర్ అంటే క్లోరిన్ బ్లీచ్ కాదు, బ్లీచ్ స్టీలుని తినేస్తుంది.

మూత దగ్గర ఒక పేచీ ఉంది. లోపల ప్రెషర్ లేకపోతే పెద్ద రబ్బరు రింగు సరిగా కూర్చోదు. గ్యాస్ పక్కనుంచి జారిపోతుంది, గ్యాస్ గొట్టం కొస ముంచిన నీళ్ళలో బుడగలు రావు, మనిషికి టెన్షన్, ఈస్ట్ చచ్చిపోయిందేమోనని ఇంకో ప్యాకెట్ కూడా వేస్తారు. మొదట్లోనే సిలిండర్ నుంచి కాస్త గ్యాస్ కొట్టి మూత బిగిస్తే ఈ బాధ ఉండదు. రింగులు అమ్మేవాళ్ళు "అన్నిటికీ సరిపోతుంది" అని రాస్తారు, అది మాత్రం నమ్మకండి.

ప్రెషర్ గురించి కూడా చెప్పేస్తాను, లేకపోతే ఊరుకోరు. మీరడిగిన వాల్వ్ లోపలి ప్రెషర్‌ని మనం పెట్టిన దగ్గర ఆపి, ఎక్కువైన గ్యాస్‌ని వదిలేస్తుంది. దాన్ని 10 నుంచి 15 పీఎస్ఐ దగ్గర పెడితే పళ్ళ వాసనలు తగ్గుతాయి, అందుకే లాగర్‌ని 18-20 డిగ్రీల్లో చేసినా శుభ్రంగా వస్తుంది. అదే గోధుమ బీర్‌కి పెడితే అరటిపండు వాసన పోయి ఉత్త చప్పగా తయారవుతుంది, దానికి వద్దు. చివర్లో వాల్వ్ బిగించి గ్యాస్ పట్టించుకోవచ్చు గానీ, చల్లగా 4 డిగ్రీల్లో 10-11 పీఎస్ఐతో సరిపోయేది 20 డిగ్రీల్లో 25 దాటితే గానీ రాదు. అలా గ్యాస్ పట్టిన కెగ్ మూత తీసి హాప్స్ వేశారంటే నురగ మీ మొహం మీదకే వస్తుంది.

వాల్వ్ కొనక తప్పదా అన్నారు కదా, అక్కర్లేదు. గ్యాస్ వైపు పోస్టు (గొట్టం తగిలించే స్టీలు మొన) విప్పి, ఆ చోట గొట్టం తొడిగి, కొసని నీళ్ళలో ముంచినా బీర్ పులుస్తుంది. డబ్బులుంటే ముందు తేలే గొట్టం, ఆ తర్వాత రెండో కెగ్, అప్పటికీ మిగిలితే వాల్వ్.