తమ్ముడి అప్పుకు ష్యూరిటీ సంతకం పెట్టాలా?

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మావారు మిర్చి యార్డులో గుమస్తా. ఇద్దరు పిల్లలు. విజయవాడలో సెల్‌ఫోన్ల షాపు నడిపే మా తమ్ముడి చీటీ వాయిదాలు ఇప్పటికే రెండుసార్లు నేనే కట్టాను. ఇప్పుడు 4 లక్షల అప్పుకు ష్యూరిటీ సంతకం పెట్టమంటున్నాడు, వచ్చే సోమవారం రమ్మన్నాడు. మావారికి ఇంకా చెప్పలేదు. ‘తోడబుట్టినవాణ్ణి ఆదుకోనిదానివి, చర్చికి వెళ్లి ఏం లాభం?’ అంటోంది అమ్మ. సంఘంలో కూడా ఎవరు ఏ పని చెప్పినా కాదనలేను. ప్రార్థన చేయమంటూ రాత్రి పదకొండుకు కూడా ఫోన్లు వస్తాయి. అందరూ పడుకున్నాక ఒంటిగంట దాకా రీల్స్ చూస్తూ ఉండిపోతాను. తెల్లారితే పిల్లల మీద అరుస్తాను. కాదని చెప్పడం క్రైస్తవురాలికి తగునా? – ఒక సహోదరి, గుంటూరు

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. సోమవారం దగ్గరపడింది కాబట్టి ముందు సంతకం సంగతి చెబుతాను. పెట్టొద్దు.

తమ్ముడు కట్టలేకపోతే అప్పుడు చూసుకుందాం అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. చట్టం అలా చూడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ష్యూరిటీ ఉన్నవారి బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. వాయిదా తప్పితే నేరుగా మీ దగ్గరికే రావచ్చు. రేపు మీ పిల్లల చదువుకు మీరే లోను అడగాల్సి వస్తే ఈ బాకీ మీ సిబిల్ రికార్డులో, అంటే మీ అప్పుల చరిత్రలో, అడ్డం పడవచ్చు. సామెతల గ్రంథం 22వ అధ్యాయం 26, 27 వచనాలు ఈ రాత్రి తీసి చదవండి. అప్పులకు పూటపడేవారితో, అంటే ష్యూరిటీ ఉండేవారితో, చేరవద్దని, కట్టడానికి ఏమీ లేకపోతే నీ కింద ఉన్న పరుపు కూడా తీసుకుపోతారని అక్కడ ఉంది. దేవుని వాక్యం ఇంత తేటగా చెప్పిన చోట మీరు అపరాధ భావంతో కుంగిపోవలసిన పని లేదు.

ఇక అమ్మ మాట. అది మిమ్మల్ని ఎంత కోసిందో మీ ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది. ‘ఒకని భారముల నొకడు భరించి’ అన్న మాట గలతీ పత్రిక 6వ అధ్యాయం 2వ వచనంలో ఉంది, నిజమే. మరో మూడు వచనాలు దాటితే, ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలని అదే పౌలు రాశాడు. రెండూ కలిపి చదవాలి. తమ్ముడికి ప్రమాదం జరిగి ఆస్పత్రిలో పడితే, మీ చేతి గాజులు తీసి ఇచ్చినా నేను తప్పు పట్టను. నెలనెలా వచ్చే చీటీ వాయిదా, షాపు అద్దె అలాంటివి కావు. అవి అతను మోయాల్సినవి. మీరు రెండుసార్లు కట్టారు, మూడోసారి 4 లక్షలు అడుగుతున్నాడు. మీ సాయం అతన్ని నిలబెట్టిందా, లేక లెక్క చూసుకోవాల్సిన పని తప్పించిందా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. స్వంత ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8లో ఉంది. ఆ ఇంటివారిలో మొదట వచ్చేది మీ ఇద్దరు పిల్లలు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం అప్పు కాదు, రాత్రి ఒంటిగంట. పగలంతా వార్డుకు, అమ్మకు, తమ్ముడికి, సంఘానికి ఎవరు అడిగితే వాళ్లకు మీ గంటలు ఇచ్చేస్తున్నారు. మీకంటూ ఏమీ మిగలక, అర్ధరాత్రి మీ నిద్రలోంచే దొంగిలించుకుంటున్నారు. ఆ బాకీ పొద్దున పిల్లలు తీరుస్తున్నారు. తన మనస్సును అణచుకోలేనివాడు ప్రాకారం లేక పాడైన పురంలాంటివాడని సామెతలు 25:28 చెబుతుంది. ఇతరులకు గీసే హద్దు, మనకు మనం గీసుకునే హద్దు రెండూ ఒకే గోడ. చేతిలో ఫోనుకు చాలు అని చెప్పలేని మనసు, ఏడుస్తున్న అమ్మకు ఎలా చెప్పగలదు? అందుకే మీ సాధన తమ్ముడితో మొదలుపెట్టొద్దు, ఫోనుతో మొదలుపెట్టండి. ఆశానిగ్రహం ఆత్మ ఫలమని గలతీ 5వ అధ్యాయంలో ఉంది. ఫలం ఒక్క రాత్రిలో పండదు. అయినా చెట్టుకు నీళ్లు పోయాల్సింది మనమే.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను హాల్లో చార్జింగుకు పెట్టేయండి, పడకగదిలోకి తేవద్దు. అలారం కోసం ఒక గడియారం కొనుక్కోండి. ఆస్పత్రి వాళ్లకు మీవారి నంబరు ఇవ్వండి, అత్యవసరమైతే ఆయనకు చేస్తారు. నైట్ డ్యూటీ ఉన్న వారం ఈ గంటలు మార్చుకోండి. మొదటి వారం చెయ్యి ఫోను కోసం వెతుకుతుంది, కంగారు పడకండి. పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి సాగితే మాత్రం ప్రార్థనతో పాటు డాక్టర్నీ కలవాలి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌లో ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. అది అవిశ్వాసం కాదు, నర్సుగా మీకు తెలియనిది కాదు.

యేసు ప్రభువు దగ్గరికి కపెర్నహూములో పట్టణమంతా వాకిట కూడి వచ్చింది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి ఏకాంతంగా ప్రార్థించుకోవడానికి వెళ్లిపోయాడు. ‘అందరూ నిన్ను వెదకుతున్నారు’ అని సీమోను వచ్చి చెప్పినా తిరిగి ఆ వాకిటికి పోలేదు. పక్క ఊళ్లకు వెళ్దాం రండి, నేను వచ్చింది అందుకే అన్నాడు (మార్కు 1). అక్కడ ఇంకా రోగులు ఉండి ఉంటారు కదా! ప్రేమ లేక వెళ్లలేదని ఆయన గురించి ఎవరం అనగలం? సంఘంలో మీరు చేసే పనుల్లో మీ మనసు నిజంగా సంతోషించేది ఒక్కటి ఉంచుకోండి. మిగతావి పాస్టరమ్మగారితో చెప్పి మెల్లగా అప్పగించేయండి. రాత్రి ఫోన్ చేసేవారికి, ఉదయం ఆరింటికి మీ పేరు ఎత్తి ప్రార్థిస్తాను అక్కా అని ముందే చెప్పి పెట్టండి. చాలామంది అర్థం చేసుకుంటారు. ఒకరిద్దరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

డబ్బు విషయంలో, జీతం రాగానే దశమభాగం, ఇంటి ఖర్చు తీసి, సాయం కోసం ఎంత అనేది మీవారూ మీరూ కలిసి నిర్ణయించండి. అది అయిపోతే ఆ నెలకు సాయం అయిపోయినట్టే. సణుక్కుంటూ కాదు, బలవంతాన కాదు, ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నట్టు వాళ్లు ఇవ్వాలని 2 కొరింథీ 9:7 చెబుతోంది. మీరు ఇప్పటిదాకా ఇచ్చినది ఎక్కువ భాగం బలవంతానే ఇచ్చారు.

తమ్ముడికి ఏం చెప్పాలి? పొడుగ్గా వివరణ వద్దు. ‘ఒరేయ్, నువ్వంటే నాకు ప్రాణం. ష్యూరిటీ మాత్రం పెట్టను. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రా, బావగారు నువ్వు నేను కూర్చుని షాపు లెక్కలు చూద్దాం.’ అంతే. బతిమాలతాడు, అలుగుతాడు, అమ్మ చేత ఫోన్ చేయిస్తాడు. బైబిల్లో యెరూషలేము గోడ కట్టిస్తున్న నెహెమ్యాకు, పని వదిలి రమ్మని నాలుగుసార్లు కబురు పంపితే నాలుగుసార్లూ అదే జవాబిచ్చాడు, కొత్త కారణాలు వెతుక్కోలేదు. అక్కడ పంపింది శత్రువులు, మీకు తోడబుట్టినవాడు. కాబట్టి గొంతు మెత్తగా ఉండాలి, మాట మాత్రం మారకూడదు. అమ్మతో వాదించవద్దు. భోజనానికి పిలవండి, మందులు కొనిపెట్టండి, సంతకం ఊసు వస్తే అదే మాట చెప్పండి.

ఇవన్నిటికన్నా ముందు ఈ రాత్రే మీవారికి చెప్పండి, ఆ రెండు వాయిదాల సంగతితో సహా. ఆయనకు కోపం రావచ్చు, రానివ్వండి, దాచినందుకు క్షమాపణ అడగండి. తమ్ముడికి ఫోన్ చేసేటప్పుడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. మాట్లాడేది మాత్రం మీరే. ‘మావారు ఒప్పుకోలేదురా’ అని ఆయన మీదికి నెట్టవద్దు.