మార్ ఎర్ల్ బిరుదు రెండు కుటుంబాల్లో ఎందుకుంది?

స్కాట్లండ్‌లో మార్ ప్రాంతపు ఎర్ల్ (ఒక ప్రభువు హోదా) బిరుదు ఒకేసారి రెండు కుటుంబాల్లో ఎలా ఉంది, కూతుళ్లకు కూడా వస్తుందా అని అడిగారు. రెండింటికీ జవాబు ఒకే గొడవలో ఉంది. నేను అబర్డీన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మార్ ఎర్ల్‌ల కిల్‌డ్రమ్మీ కోట చూసొచ్చాకే ఈ కథ వెంట పడ్డాను.

1404లో మార్ సంస్థానం ఇసబెల్లా డగ్లస్‌ది, ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ఆమె భర్త చనిపోయాక రాజుగారి తమ్ముడి కొడుకు అలెగ్జాండర్ స్టూవర్ట్ అంతా తన వారసులకే చెందేలా ఆగస్టులో ఆమెతో పత్రం రాయించుకున్నాడు. సెప్టెంబర్‌లో మాత్రం కోట గుమ్మం బయట, బిషప్ ఎదుట, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ తాళాలు పట్టుకునే, ఇష్టపడే ఇతన్ని చేసుకుంటున్నానని చెప్పింది. తర్వాతి పత్రంలో, తమకు పిల్లలు లేకపోతే ఆమె వారసులకే వెళ్లాలని రాశారు. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర బురుజుల మొదళ్లే మిగిలాయి కానీ, నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు అదే.

1435లో అలెగ్జాండర్ వారసుడు లేకుండా పోయాడు. ఆమె తరఫు వారసులుగా ఎర్‌స్కిన్‌లు అడిగితే, 1457లో రెండో జేమ్స్ రాజు కోర్టు ద్వారా మార్ సంస్థానాన్ని లాగేసుకున్నాడు. 1565లో మేరీ రాణి జాన్ ఎర్‌స్కిన్‌ను మార్ ఎర్ల్‌ని చేసింది. పాతదే తిరిగిచ్చిందా, కొత్తది ఇచ్చిందా? 1866లో అప్పటి ఎర్ల్ పిల్లలు లేకుండా చనిపోయేసరికి ఇదే పెద్ద తగువైంది, ఒకవైపు ఆయన చెల్లెలి కొడుకు, మరోవైపు మగ వారసుడైన, కెల్లీ అనే వేరే బిరుదు ఉన్న ఎర్ల్. 1565 నాటి బిరుదుకు పత్రమే దొరకలేదు, అయినా 1875లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ అది కొత్త బిరుదనీ, మగవాళ్లకే చెందుతుందనీ అనుకుని కెల్లీకి ఇచ్చేసింది. తల్లి నుంచి కూతురికి వచ్చిన బిరుదు విషయంలో ఇలా ఊహించడం పూర్తిగా అన్యాయం. ఎంతోమంది అభ్యంతరం చెప్పాక 1885లో పార్లమెంటు చట్టం చేసి, పాత బిరుదు మేనల్లుడికి ఇచ్చింది, కెల్లీ దగ్గరున్నది వెనక్కి తీసుకోలేదు.

అందుకే ఇద్దరు. పాత శాఖలో కొడుకులు లేకపోతే కూతురికి వస్తుంది, 1975లో మార్గరెట్ అలాగే మార్ కౌంటెస్ (ఎర్ల్ బిరుదు పొందిన మహిళ) అయి, 2020 దాకా హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చున్నారు. ఎక్కడైనా ‘మార్ అండ్ కెల్లీ’ అని కలిపి కనిపిస్తే అది 1565 శాఖ, అందులో మగవాళ్లకే.