ప్రేమ, పెళ్లి, ఇంటిపని మీద పరిశోధన చేసే సోషియాలజిస్టులకు సామాజిక అసమానతతో పనేమిటి?

వాళ్ల అసలు పనే అది: బయటి సమాజంలోని హెచ్చుతగ్గులు ఇంట్లోకి ఎలా వస్తాయో, అక్కడ ‘మా ఇష్టం, మా స్వభావం’ అన్న పేరుతో ఎలా స్థిరపడతాయో చూడటం. ఎవరి జీతం ఎక్కువ, ఎవరు ఉద్యోగం మానేస్తే సులువుగా సర్దుకుంటుంది, మంచి భార్య అంటే ఎలా ఉండాలి, ఇవేవీ ఏ జంటా సొంతంగా కనిపెట్టినవి కావు. సమాజం ముందే సిద్ధం చేసి ఉంచినవి.

అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు పనిచేసిన సోషియాలజిస్టు ఆర్లీ హోక్‌షిల్డ్, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు వెళ్లి, వాళ్ల రోజువారీ జీవితాన్ని గమనించి 1989లో ఒక పుస్తకం తెచ్చారు. అందులో ఒక జంట ఇంటిపని మీద చాలా గొడవల తర్వాత రాజీకొచ్చింది: పై అంతస్తు పని భార్యది, కింది అంతస్తు పని భర్తది. వినడానికి సమానమే. కానీ పైన వంటగది, పడకగదులు, బాత్‌రూమ్, అంటే దాదాపు ఇల్లంతా ఉంది. కింద గ్యారేజీ. కుక్క బాధ్యత కూడా భర్తదే! అయినా పని సగం సగం పంచుకున్నామనే ఇద్దరూ చెప్పేవారు. కాపురం నిలవాలంటే ఆ నమ్మకం వాళ్లకు అవసరమైంది. పరిశోధకురాలిగా ఆమె పట్టుకున్న ముఖ్యమైన విషయం ఇదే అనిపిస్తుంది.

చాలామంది ఇలాంటి పరిశోధనను కౌన్సెలింగ్ లాంటిది అనుకుంటారు. కాదు. కౌన్సెలర్ ఆ ఒక్క జంట సమస్య తీర్చాలని చూస్తారు. సోషియాలజిస్టు ఒకే రకం గొడవ ఇన్ని ఇళ్లలో ఎందుకు వస్తోందని అడుగుతారు.